ఇంటి ముంగిలికి సిమెంటా, తారా?



నేడు నేను మీతో ముచ్చటింపబోవు విషయము మిక్కిలి సామాన్యమైనది. ఇంటి ముంగిలిని గట్టిచేసికొనుటను గూర్చియు, బండ్లు నిలుపు బయలును సిమెంటుతోగాని తారుతోగాని కప్పుటను గూర్చియు నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పుదును. నేను ఇంజనీరును గాను. గుంటూరు ప్రాంతపు నల్లరేగడి నేలలో సేద్యము చేసికొని బ్రతికినవాడను. కొంతకాలము గ్రామ పంచాయతీలో సభ్యుడనుగా ఉన్నవాడను. అయినను ఈ విషయమున మాటలాడుటకు నాకొక అర్హత కలదు. తప్పుచేసి, దాని ఫలమనుభవించి, పిదప నేర్చుకొన్నవాని అర్హత అది.

మన పెద్దల కాలమున ముంగిలి యనగా మట్టినేలయే. తెల్లవారక మునుపే ఇల్లాండ్రు వాకిలి ఊడ్చి, పేడనీళ్ళతో కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టెడివారు. వాన కురిసినప్పుడు కొంత నీరు నేలలో ఇంకెడిది, కొంత వీథి కాలువలోనికి జారెడిది. బురద యగుట నిజమే. ఎద్దుబండి చక్రము దిగబడినచో నాలుగు తట్టల గరుసు పోసి త్రొక్కించిన సరిపోయెడిది. నేడు పరిస్థితి మారినది. ట్రాక్టరు వచ్చినది, మోటారు సైకిలు వచ్చినది, పట్టణమునుండి పండుగకు వచ్చు పిల్లలు కార్లలో వచ్చుచున్నారు. ధాన్యమును, మిరపకాయలను ఎండబోసికొనుటకు దుమ్ములేని నేల కావలసియున్నది. వృద్ధులు బురదలో జారిపడకుండ నడువవలసియున్నది. కావున ముంగిలి గట్టిచేసికొనుట ఆడంబరము గాదు, అవసరమే. అయితే ఆ పనికి పూనుకొనుటకు మునుపు ప్రతి గృహస్థుడును వేసికొనవలసిన ప్రశ్న యొకటి కలదు. నేను దానిని వేసికొనలేదు. నన్నడిగినవారికి సరియైన సమాధానమును ఈయలేదు.

2013వ సంవత్సరము మే నెలలో మా రెండవ అమ్మాయి వివాహము నిశ్చయమైనది. మా ముంగిలి ఐదు సెంట్ల స్థలము. మగపెండ్లివారు పట్టణవాసులు. వారు వచ్చునప్పటికి వాకిట దుమ్ము లేకుండ చేయవలెనని నాకు పట్టుదల కలిగినది. వీథికంటె మా ముంగిలి పల్లముగా ఉండుట నామోషీగాను తోచినది. పెండ్లి పండ్రెండు రోజులున్నదనగా పని మొదలు పెట్టించితిని. చెఱువుమట్టి తోలించి జానెడెత్తు లేపించితిని. దానిపై పలుచగా గరుసు చల్లించి, దిమ్మిసయైన వేయింపక, రెండంగుళముల మందమున కాంక్రీటు పరపించితిని. పనివారు తొందరపడిరనుకొనకుడు, వారిని తొందరపెట్టినది నేనే. రెండు రోజులు మాత్రము తడిపి, నాలుగవనాడు దానిపై పందిరి సామాను దింపించితిని.

మా ముంగిలికి తూర్పున మా పెదతండ్రిగారి ఇల్లు. ఆయన గతించి చాల ఏండ్లయినది. కుమారులు ఉద్యోగములకు పట్టణములు చేరగా, పెద్దమ్మ ఒక్కతెయే ఆ మట్టిగోడల పెంకుటింటిలో ఒక గేదెను, దాని దూడను పెట్టుకొని కాలము గడుపుచుండెను. పని జరుగుచుండగా ఆమె చేతికఱ్ఱతో వచ్చి ప్రక్కన నిలిచి నన్నిట్లడిగెను.

"ఏరా అబ్బాయ్, ఇంత ఎత్తు లేపుతున్నావు గదా, వానొస్తే నీళ్ళెటు పోతాయిరా?"

నేను తాపీవాని చేతివైపు చూచుచు, ఆమె ముఖమువైపు చూడకయే, "ఎటో అటు పోతాయిలే పెద్దమ్మా, మన వాకిట్లో నిలవకపోతే చాలు గదా!" యంటిని.

వివాహము చక్కగా జరిగినది. వచ్చినవారందఱు మా వాకిలిని మెచ్చుకొనిరి. ఆ యేడు అక్టోబరు నెలాఖరున కోస్తా జిల్లాలలో కురిసిన వానలు మీలో అనేకులకు జ్ఞాపకముండును. చేతికి వచ్చిన పత్తియు, కోతకు సిద్ధమైన వరియు నీటి పాలైనవి. ఒకనాటి రాత్రి ఎడతెగక కురిసినది. మా వాకిట చుక్క నీరు నిలువలేదు. నేను సంతోషించి నిద్రించితిని. తెల్లవారుజామున పెద్ద చప్పుడు వినబడి లేచి చూచునప్పటికి పెద్దమ్మ యింటి పడమటి గోడ కూలియున్నది. మా వాకిటినుండి పోయిన నీరంతయు రాత్రియెల్ల ఆ గోడ మొదట నిలిచి, మట్టిని నానబెట్టినది. గోడప్రక్కన కట్టియున్న దూడ దాని క్రిందబడి చచ్చినది. పెద్దమ్మ నిత్యము ఆ గోడప్రక్క మంచముననే పరుండెడిది. చూరు కారుచున్నదని ఆ రాత్రి మంచమును నడవలోనికి లాగుకొనుటచేత బ్రతికినది.

నేను పరుగెత్తి పోయితిని. ఆమె నన్ను తిట్టలేదు. "గోడదేముందిరా, మళ్ళీ కట్టుకోవచ్చు. నీళ్ళు నీ వాకిట్లో నిలవకూడదన్నావు. నా యింట్లో నిలబెట్టావు" అని మాత్రమనెను. తిట్టినను నాకంత బాధ కలిగియుండదు. గోడ నేనే కట్టించితిని, దూడ వెల ఇచ్చితిని. అయినను ఆమె కుమారులు రెండేండ్లు మా గడప త్రొక్కలేదు. వారిని తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు.

అయ్యలారా, ఇప్పుడొక లెక్క చెప్పెదను, చిత్తగింపుడు. ఐదు సెంట్ల స్థలము దాదాపు 200 చదరపు మీటర్లు. దానిపై ఒక్క సెంటీమీటరు వాన పడినచో 2,000 లీటర్ల నీరగును. ఐదు సెంటీమీటర్లు పడినచో 10,000 లీటర్లు. పదునైదు లీటర్ల బిందెతో కొలిచిన 660 బిందెలకు మించును. రేగడిమట్టి త్వరగా నీరు పీల్చదుగాని, మట్టినేల మీది గుంటలు, గడ్డి, చెట్లపాదులు ఆ నీటిని కొంత ఆపి, కొంత ఇంకించి, తక్కినదానిని నెమ్మదిగా విడుచును. సిమెంటుగాని, తారుగాని అట్లు చేయదు. పడినదానిని పడినట్లే వెంటనే పంపివేయును. మనము నేలను కప్పుట యనగా అన్ని బిందెల నీటిని ఒక్కసారిగా ఎవరి గుమ్మమునకో మోయించుటయే. కావున ముంగిలి కప్పుటకు ముందు వేసికొనవలసిన ప్రశ్న పెద్దమ్మ యడిగినదే: నీళ్ళెటు పోవును?

మరుసటి వేసవిలో నా తప్పు రెండవ విధముగా బయటపడినది. ఎండకు క్రిందనున్న రేగడి నెఱ్ఱెలు విచ్చెను. పైనున్న సిమెంటు పలక దానితోపాటు చీలెను. పత్తి బస్తాలతో వచ్చిన ట్రాక్టరు చక్రము మూలను త్రొక్కగా అప్పడమువలె విఱిగినది. అప్పుడు ప్రక్కయూరినుండి ఒక వృద్ధ మేస్త్రిని పిలిపించితిని. ఆయన కూర్చుండి, విఱిగిన ముక్కను చేతిలోనికి తీసికొని, వ్రేళ్ళతో నలిపి, "అయ్యా, నేలకు కప్పు వేయడమంటే ఇంటికి కప్పు వేసినట్టే. వాటం చూడకుండా ఎవరైనా ఇంటికి కప్పు వేస్తారా? పునాది లేకుండా గోడ కడతారా?" యని యడిగెను. ఆయనవద్ద నేర్చుకొన్న సంగతులనే, తరువాత చదివియు చూచియు తెలిసికొన్న వానితో చేర్చి, మీకు చెప్పుచున్నాను.

మొదటి సంగతి: బరువు మోయునది పైనున్న పలక కాదు, క్రిందనున్న నేల. ఇది క్రొత్తగా కనుగొన్న సత్యము కాదు. 1756లో స్కాట్లండులో జన్మించిన జాన్ లౌడన్ మెకాడమ్ అను నతడు 1816లో ఇంగ్లండునందలి బ్రిస్టల్ ప్రాంతపు రోడ్లకు అధికారియయ్యెను. పొడిగా ఉన్న నేల ఎంత బరువునైనను మోయగలదనియు, పైని రాతిపొర ఆ నేలను తడవనీయక కాపాడవలెననియు అతని సిద్ధాంతము. కంకరలో ఏ రాయియు ఆరౌన్సులకు, అనగా మన పాత తూకమున దాదాపు పదునైదు తులములకు, మించరాదని అతడు నియమము పెట్టెను. చిన్నరాళ్ళు ఒకదానితో నొకటి బిగిసికొని గట్టిపడును. రోడ్డు నడుమ కొంచె మెత్తుగాను, ఇరువైపుల వాలుగాను ఉండవలెను. నేటికిని మన ఇంజనీర్లు ఒక విధమైన కంకర రోడ్డును అతని పేరుతోనే పిలుతురు. ఇన్ని ఏండ్లు గడచినను మూలసూత్రము మారలేదు. క్రింది నేల తడిసినచో పైన ఎంత ఖర్చుపెట్టినను వ్యర్థమే.

మన రేగడి నేల విషయమున ఇది మఱింత ముఖ్యము. రేగడి తడిసిన ఉబ్బును, ఎండిన కుంచించుకొని బీటలు వాఱును. అట్టి నేలపై నేరుగా సిమెంటు వేయరాదు. కనీసము అడుగు లోతు రేగడిని త్రవ్వి తీసివేసి, ఎఱ్ఱ గరుసుమట్టితో నింపవలెను. తెలంగాణమున దీనినే మొరమందురు. ఒక్కసారిగా పోయరాదు. ఆఱంగుళములకు మించకుండ పొరలుగా పోసి, తగుమాత్రము తడిపి, రోలరుతోగాని దిమ్మిసతోగాని ప్రతి పొరను గట్టిచేయవలెను. మడమతో గట్టిగా త్రొక్కినను గుంట పడని నేల సిద్ధమైన నేల యని మా మేస్త్రి చెప్పెడివాడు.

రెండవ సంగతి వాటము. ముంగిలి మట్టము ఎప్పుడును మన గడపకంటెను, పొరుగువారి గడపకంటెను పల్లముగా ఉండవలెను. నీరు రెండు ఇండ్ల గోడలకును దూరముగా పోవలెను. అడుగుకు పావు అంగుళము చొప్పున, అనగా పదియడుగులకు రెండున్నర అంగుళముల వాటమిచ్చిన చాలును. కంటిచూపును నమ్మరాదు. నీళ్ళు నింపిన మట్టపు గొట్టముతో నాలుగు మూలలు చూచి, దారములు లాగి, మేకులు పాతి, ఆపై పని మొదలు పెట్టవలెను. పని ముగిసిన మఱునాడు రెండు బిందెల నీళ్ళు పోసి చూచిన, అవి ఏ త్రోవన పోవునో అవియే చెప్పును.

మూడవ సంగతి కాంక్రీటు. 1824లో ఇంగ్లండులోని లీడ్స్ పట్టణపు తాపీపనివాడు జోసెఫ్ ఆస్ప్డిన్ అను నతడు పోర్టులాండు సిమెంటునకు పేటెంటు పొందెను. సున్నపురాతిని, బంకమట్టిని కలిపి కాల్చి పొడిచేసిన వస్తువది. గట్టిపడిన పిమ్మట పోర్టులాండు రాతివలె కనబడునని ఆ పేరు పెట్టెను. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున బెల్‌ఫౌంటెన్ అను చిన్న పట్టణములో 1891లో ఆ దేశపు మొట్టమొదటి కాంక్రీటు వీథిని వేసిరి. అందలి కొంతభాగము నేటికిని నిలిచియున్నది. మన హైదరాబాదు నగరమునందును నైజాము ప్రభుత్వ కాలముననే సిమెంటు రోడ్లు వేసిరి. కావున కాంక్రీటు అల్పాయువు గలది గాదు. అల్పాయువును దానికి కలిగించువారము మనమే.

ఎట్లనగా, మనలో చాలమంది సిమెంటు ఆరి గట్టిపడునని తలంతురు. అది పొరపాటు. సిమెంటు నీటితో కలిసి, ఆ కలయికచేత గట్టిపడును. నీరు త్వరగా ఆరిపోయినచో గట్టిపడు పని సగములోనే ఆగిపోవును. కావుననే వేసిన మఱునాటినుండి కనీసము ఏడు రోజులు, మన వేసవి యెండలలో పది రోజులు, ఎడతెగక తడిగా ఉంచవలెను. ఉదయమొకసారి, సాయంకాలమొకసారి చల్లి విడుచుట తడుపుట గాదు. మట్టిగట్లు కట్టి నీరు నిలుపవలెను; లేదా తడి గోనెపట్టాలు కప్పి, వానిని ఆరనీయకుండవలెను. పూర్తి బలము వచ్చుటకు 28 రోజులు పట్టునని లెక్క. నేను నాలుగవనాడే సామాను దింపించితినని చెప్పితిని గదా. అది నెల నిండని బిడ్డచేత బస్తా మోయించినట్లే.

కలుపునప్పుడు నీరు ఎక్కువైనను ముప్పే. 50 కిలోల బస్తాకు దాదాపు 25 లీటర్ల నీరు చాలును. ఇసుక తడిగా ఉన్నచో ఇంకను తగ్గింపవలెను. పలుచగా ఉన్నచో పరచుట సులభమని పనివారు బిందెమీద బిందె పోయుదురు. అట్లు పోసిన అదనపు నీరు పిదప ఆవిరియై, తానున్న చోట సన్నని రంధ్రములను మిగిల్చి పోవును. పలక బలహీనమై పై పొర పిండివలె రాలును. సిమెంటు ఒక పాలు, ఇసుక పాలున్నర, కంకర మూడు పాళ్ళు కలిపిన ముంగిలికి తగిన బలము వచ్చును. బస్తా మూడు మాసములకంటె పాతదై ఉండరాదు. గడ్డకట్టిన సిమెంటును చిదిపి కలుపరాదు. ఏటి ఇసుకయైనను, కంకరమిల్లులో తయారగు రోబో ఇసుకయైనను, మట్టియు దుమ్మును అధికముగా ఉండరాదు. గాజుసీసాలో సగము ఇసుక పోసి, నీళ్ళతో గిలకొట్టి, కొన్ని గంటలు కదలింపక ఉంచినచో ఇసుక క్రిందను, మట్టి పైని పొరగాను నిలుచును. ఆ మట్టిపొర ఇసుకలో పండ్రెండవ వంతుకు మించినచో ఆ ఇసుకను కడిగికాని వాడరాదు.

మోటారు సైకిళ్ళు, కార్లు నిలుచు చోట నాలుగంగుళముల మందము చాలును. బరువుతో ట్రాక్టరు వచ్చు చోట ఆఱంగుళములుండవలెను. కాంక్రీటు ఆరుచున్నకొలది కొంచెము ముడుచుకొనును. అందుచేత పెద్దపలక ఎక్కడో ఒకచోట చీలక మానదు. అది తన యిష్టము వచ్చినచోట చీలుటకంటె మనము చెప్పినచోట చీలుట మేలు. కావున ఎనిమిది పది యడుగులకొకటి చొప్పున, మందములో నాలుగవ వంతు లోతుగా గాడులు పెట్టవలెను. గాడి పెట్టుట మఱునాటికి మించి ఆలస్యము చేయరాదు. ఇంటిగోడకును పలకకును నడుమ సందు విడిచి, మెత్తని అట్టతో నింపవలెను.

ఇక తారు. మోటారు బండ్లు వచ్చిన పిమ్మట కంకర రోడ్లు దుమ్మెత్తిపోయినవి. 1902లో ఇంగ్లండున ఎడ్గర్ హూలీ అను నతడు ఇనుప కొలిమి చిట్టెమును తారుతో కలిపి పరచు పద్ధతికి పేటెంటు పొందెను. ఒకచోట తారుపీపా ఒలికినప్పుడు దానిపై చిట్టెము చల్లగా ఆ చోటు గట్టిపడి దుమ్ములేక యుండుట చూచి అతని కాలోచన పుట్టెనని చెప్పుదురు. నాటి తారు బొగ్గునుండి వచ్చినది. నేడు మనము తారనునది ముడిచమురును శుద్ధిచేయగా అడుగున మిగులు బిట్యుమెన్. 1957లో మొదలైన విశాఖపట్టణపు శుద్ధి కర్మాగారమువంటి చోట్ల అది తయారగుచున్నది. పేరు మాత్రము పాతదే నిలిచినది.

తారునకు కొన్ని మంచి గుణములు కలవు. వేసి, చల్లారిన వెంటనే బండ్లను వదలవచ్చును. పది రోజులు కాచుకొననక్కఱలేదు. క్రింది నేల కొద్దిగా కదలినను కాంక్రీటువలె ఫెళ్ళున విఱుగక కొంత ఒదుగును. చెడినచోట చతురముగా కోసి, మరల నింపుకొనవచ్చును. అయితే ఇది యింటి ముంగిట చేతిపనిగా సాగునది గాదు. కంకరయు తారును కలిసిన మిశ్రమము దాదాపు 150 డిగ్రీల వేడితో లారీలో రావలెను. చల్లారక మునుపే రోలరుతో త్రొక్కవలెను. చిన్న వాకిటిలో రోలరు తిరుగదు. చేతితో పఱచి పారతో తట్టిన తారు రెండు వానలకే రాలును. ఎండకు, గాలికి తారు ఏటేట పెళుసగును గనుక కొన్ని ఏండ్లకొకసారి పైపొర వేయక తప్పదు.

బండ్లు కదలుచు పోవు రోడ్డు వేఱు, అవి నిలిచియుండు బయలు వేఱు. నిలుచు చోట తారునకు మూడు శత్రువులు. ఒకటి ఎండ: మన వేసవి వేడికి తారు మెత్తబడి, నిలిచియున్న చక్రము క్రిందను, మోటారు సైకిలు కాలు క్రిందను గుంటలు పడును. రెండవది నూనె: ఇంజనునుండి కారు నూనెయు, డీజిలును తారును కరగించును. మూడవది నీరు: సన్నని బీటలలో దూరిన నీరు కంకరనుండి తారును విడదీయగా, చక్రము దానిని పెకలించి గొయ్యి చేయును. కావున ట్రాక్టర్లు, లారీలు గంటలకొలది నిలుచు బియ్యపు మిల్లు ఆవరణలకును, ఎరువుల గిడ్డంగుల ముంగిళ్ళకును కాంక్రీటే తగినది. జాతర బయలువంటి విశాలమైన చోట, రోలరు తిరుగుటకు తావున్నచోట, ఏడాదిలో కొన్ని దినములే బండ్లు నిలుచు చోట, తారు చవుకగా రావచ్చును. దానికి అంచులలో రాయిగాని, సిమెంటు గట్టుగాని కట్టవలెను. అంచు లేని తారు చివరలనుండి నమలబడుచు వచ్చును.

ఈ రెండును కాక మూడవ త్రోవ యున్నది. మన పల్నాటి మాచర్ల నాపరాళ్ళు గాని, నేడు దొరకు సిమెంటు దిమ్మలు గాని గరుసు మీద, ఇసుక మీద పరచుకొనవచ్చును. సందులనుండి కొంత నీరు ఇంకును. నీటిగొట్టము వేయవలసివచ్చినప్పుడు లేపి, మరల పరచుకొనవచ్చును. అన్నిటికంటె ముఖ్యము: ముంగిలి మొత్తమును కప్పనక్కఱలేదు. చక్రములు నడుచు చోటు, ధాన్యమెండు చోటు కప్పి, తులసికోట చుట్టును, వేపచెట్టు మొదటను, పొరుగు గోడ వెంబడిని మట్టిని మట్టిగానే విడువవలెను. మొదలు వఱకు సిమెంటు బిగించినచో చెట్టునకు నీరు, గాలి అందవు. వాటము చివర ఇంకుడు గుంట త్రవ్వి రాళ్ళతో నింపినచో పోవు నీటిలో కొంత మన బావికే దక్కును. రేగడిలో ఇంకుట నిదానము గనుక దానికి పొంగు కాలువ యొకటి ఉండితీరవలెను. మట్టిగోడకు అతి సమీపమున గుంట త్రవ్వరాదు.

ఇంతవఱకు ఒక ఇంటి సంగతి. గ్రామ పెద్దలైన మీకు మఱియొక మనవి. 2006 ఫిబ్రవరిలో అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకపు నిధులతోను, ఇతర నిధులతోను మన గ్రామములలో ఎన్నో సిమెంటు వీథులు పడినవి. బురద పోయినది, సంతోషమే. కాని పాత వీథి మీదనే క్రొత్తది, దాని మీద మఱియొకటి వేయుచుండగా, వీథి ఎత్తయి ఇండ్లు పల్లమైన గ్రామములను నేను చూచితిని. గడప దిగి లోనికి పోవలసిన ఇండ్లున్నవి. అవి తఱచుగా పేదవారివే, పాతవే. వారు ఇల్లు లేపుకొనలేరు; వాన వచ్చినప్పుడు గుమ్మమునకు ఇసుక బస్తాలు అడ్డము పెట్టుకొందురు. నేను వాకిట చేసిన తప్పునే ఊరంతయు వీథిలో చేయుచున్నదన్నమాట. కావున వీథికి నిధులు వచ్చినవని విన్నప్పుడు గ్రామసభలో లేచి మూడు ప్రశ్నలడుగుడు. పాత పలకను తీసివేసి అదే మట్టమున వేయుదురా, దానిమీదనే వేయుదురా? ప్రక్క కాలువ ముందు కట్టుదురా, పిదప చూతమందురా? నీటి గొట్టములు వేయుట ముగిసినదా, వీథి వేసిన మఱునెలలో మరల త్రవ్వుదురా? ఈ మూడింటికి సమాధానము దొరకువఱకు కొబ్బరికాయ కొట్టనీయకుడు. పని జరుగునప్పుడు ఎవరో ఒకరు ఎదుట కూర్చుండి, నీళ్ళెన్ని పోయుచున్నారో, తడుపుట ఎన్ని రోజులు సాగినదో చూచుచుండుడు. దీనికి చదువు అక్కఱలేదు; తీరికయు, శ్రద్ధయు చాలును. ఆ రెండును పెద్దలవద్దనే ఉండును.

మా ముంగిలి సంగతి ముగించెదను. 2015 వేసవిలో పాత పలకనంతయు పగులగొట్టించితిని. తోలించిన మట్టిని తీయించి, రేగడిని అడుగులోతు త్రవ్వించి, గరుసుతో నింపించితిని. ఈసారి ఐదు సెంట్లలో మూడు సెంట్లే కప్పించితిని. వాటమును తూర్పునుండి మరల్చి, ఉత్తరమున వీథి కాలువవైపునకు తిప్పించితిని. పెద్దమ్మ గోడ వెంబడి నాలుగడుగుల మట్టి విడిచి, కనకాంబరములు నాటించితిని. పది రోజులు పట్టాలు కప్పి, వానిని ఆరనీయక నేనే నీళ్ళు పోసితిని. పని ముగిసిననాడు పెద్దమ్మను చేయిపట్టుకొని తీసికొనివచ్చి, "పెద్దమ్మా, నీ చేత్తో ఒక బిందె పోసి చూడు" అంటిని. ఆమె బిందె వంచి, నీళ్ళు కాలువవైపు పోవుట చివరవఱకు చూచెను. "ఇప్పుడు బాగుందిరా" అనెను. ఆ సంక్రాంతికి ఆమె కుమారులు వచ్చినప్పుడు తమ కారును మా వాకిటనే నిలిపిరి. రెండేండ్ల పిమ్మట మా యింట భోజనము చేసిరి.

నేడు పెద్దమ్మ లేదు. వాన వచ్చిన ప్రతిసారియు నేను గొడుగు వేసికొని బయటికి పోయి, నీళ్ళెటు పోవుచున్నవో చూచి వచ్చుట అలవాటైనది. మీరును మీ ముంగిలికి సిమెంటు వేయింపుడు, తారు వేయింపుడు, నాపరాయి పఱపింపుడు. మీ శక్తి, మీ యవసరము. కాని మొదటి తట్ట కంకర దింపించుటకు మునుపు ప్రక్కయింటి గడపలో నిలిచి, అచ్చటినుండి మీ వాకిలిని ఒక్కసారి చూచుకొనుడు. ఇదియే నా మనవి.